నాయిన పెట్టిన వంక

వనపర్తి, ఫిబ్రవరి 2006, ఆదివారం

జూన్‌లో మా కాలేజీ పిల్లలను లడఖ్‌లోని ఒక శిఖరానికి తీసుకెళ్లే గైడ్ సార్ పంపిన అనుమతి కాగితం మీద నాయిన ఇంకా సంతకం పెట్టలేదు. పన్నెండు కిలోలు మోస్తూ ఎక్కాలని అందులో చదివినప్పటి నుంచి ఆయనది ఒకటే మాట.

"ఆడపిల్లవు, గంత బరువు నీతోని కాదు బిడ్డా."

ఈరోజు ఊరుకోలేదు. "పెబ్బేరు సంతల ఎద్దును నడిపియ్యకుండనే కొంటవా నాయినా? నన్ను గూడ నడిపిచ్చి చూడు!" అన్నాను.

అమ్మ పకపకా నవ్వింది. నాయిన నవ్వలేదు. పన్నెండు కిలోల పల్లికాయ తూచి, సంచి నా వీపుకు కట్టాడు. ఇంటి వెనక గుట్ట ఎక్కాను. కొండ ఎక్కడాన్ని 'ఆరోహణ' అని నోట్‌బుక్‌లో రాసుకున్నప్పుడు ఆ మాట ఎంత అందంగా ఉండేదో! సగం దూరానికే దానికి చెమట వాసన పట్టింది. అయినా ఆగలేదు. నాయిన నా కాళ్లనే చూస్తూ వెనకాలే వచ్చాడు.

పైకి చేరాక ఒక్కటే అన్నాడు. "కుడికాలు జర ఈడుస్తున్నవ్."

కోపంతో గబగబా దిగాను. ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది, సంతలో ఆయన ఎప్పుడూ అనే మాట: కొనే మనసు లేనోడు ఎద్దుకు వంక పెట్టడు.

కాగితం ఇంకా ఖాళీగానే ఉంది. రేపు పద్నాలుగు కిలోలతో ఎక్కుతాను. ఏ కాలికి వంక పెడతాడో పెట్టనీ.