గేటు బయట కుక్క

అయ్యగారికి,

ప్రభువు పేరిట వందనాలు. మా అక్క పొద్దున కన్నుమూసింది. రేపు సమాధి చేసేటప్పుడు ఆమె పెంచిన కుక్కను తేవద్దన్నారట. “కుక్కలు వెలుపలే ఉండాలని ప్రకటన గ్రంథంలో ఉంది కదయ్యా” అని మీ సంఘపెద్ద నాకే బోధించాడు. ఉంది, నాకూ కంఠతా వచ్చు. మరి లూకా సువార్త కూడా తెరవండి! పేద లాజరు ధనవంతుడి వాకిట పుండ్లతో పడి ఉంటే ఇంట్లోంచి ఎవరైనా వచ్చారా? వీధి కుక్కలే వచ్చి ఆ పుండ్లు నాకాయి. అక్క వీపంతా పుండ్లయ్యాక మన సంఘం గుమ్మంలోనే నిలబడి, ముక్కు మూసుకుని ప్రార్థన చేసి వెళ్లింది. ఈ కుక్క మాత్రం మంచం పక్కనుంచి కదల్లేదు. అక్క చివరి మాట కూడా దానితోనే: “నువ్వన్నా తిన్నావటే?” అది ఇంకా ముద్ద ముట్టలేదు.

రేపు సమాధుల తోట గేటు కాస్త తెరిచి ఉంచండి. వీల్లేదంటే నేనూ దానితో వెలుపలే ఉంటాను. అక్క మీద మట్టి మీరే వేయండి.

ఆమె తమ్ముడు