పెరట్లో యాంటెన్నా స్తంభం

అక్టోబర్ 14, మంగళవారం, విండ్సర్, కెనడా

ఆయన పోయి నెల దాటింది. సాయంత్రం కిరణ్ వాటర్లూ నుంచి వచ్చాడు. దూరాల వాళ్లతో మాట్లాడుకోవడానికి వాళ్ల నాన్న పెరట్లో నిలబెట్టిన హామ్ రేడియో యాంటెన్నా స్తంభాన్ని శనివారం తీయించేస్తానన్నాడు.

"ఇంక ఎవరు వాడతారమ్మా? గాలికి పడితే రిస్క్ కూడా."

"నేను వాడతా."

నవ్వాడు. "లైసెన్స్ లేకుండా మైక్‌లో మాట్లాడకూడదు. నాన్నే చెప్పేవారుగా!"

నిజమే. కడప రేడియో స్టేషన్లోనూ, ఇక్కడికొచ్చాక ఓ ప్రసార కేంద్రం ట్రాన్స్‌మిటర్ దగ్గరా బతుకంతా ఇంజనీరుగా చేసిన మనిషి. రూలంటే రూలే. అయినా స్తంభం కట్టుతీగలకు నేను చిక్కుడు పాదు పాకిస్తే, సిగ్నల్ పాడవుతుందని కేకలేసి, మర్నాడు తనే పురికొస కట్టి ఇచ్చేవారు.

వినడానికి లైసెన్స్ అక్కర్లేదు. మొన్న ఆదివారం ఆయన రేడియో సెట్ ఆన్ చేశాను. దూరాన సస్కాచెవాన్‌లో ఒంటరిగా ఉండే ఓ పెద్దాయన, ఈయన రేడియో స్నేహితుడు, ప్రతి ఆదివారంలాగే ఈయన్ని పిలుస్తున్నాడు. ఆగి, మళ్లీ పిలిచాడు. మైక్ నా చేతి పక్కనే ఉంది. ముట్టుకోలేదు.

కిరణ్‌తో ఆ మాటే చెప్పాను.

"నేను నంబర్ కనుక్కుని ఫోన్ చేసి చెప్తాలేమ్మా."

"చెప్పు. మరి ఆదివారాలు ఆయనతో మాట్లాడేదెవరు?"

స్తంభం తీసేవాళ్లను రావద్దని వాడి చేతే ఫోన్ చేయించాను. లైసెన్స్ పరీక్ష పుస్తకం కూడా ఆర్డర్ పెట్టించాను. అంతా ఇంగ్లీషే. డెబ్బై నాలుగేళ్ల బుర్రకు ఎక్కుతుందో లేదో...

తప్పితే మళ్లీ రాస్తాను.