పల్స్‌కీ పల్స్‌కీ మధ్య

చంపాపేట్

భానుమూర్తి గారికి,

నమస్తే. నేను పద్మలత భర్తను. ఆమె పోయి రెండు నెలలైంది. మెదడులో గడ్డకు ఎల్బీనగర్‌లో మీరే ఎమ్మారై తీసేవారు.

మామూలు స్కాన్ అయ్యాక, మీ పరిశోధన కొలతల కోసం ప్రతిసారీ ఇంకా లోపలే ఉండేది. ఇష్టమైతేనే అని మీరే చెప్పారు. ఆమె ఒక్కసారీ కాదనలేదు. పుస్తెలతాడు తీసి నా చేతిలో పెట్టి, మెడలో పసుపుకొమ్ము కట్టుకొని వెళ్ళేది. బయట బెంచీ మీద నేను. లోపల మైకులో మీ గొంతు.

ఒకరోజు బెంచీ మీద కునుకులోంచి లేచేసరికి తలుపు సందులోంచి ఆమె నవ్వు వినిపించింది. జబ్బు బయటపడ్డాక ఇంట్లో ఆమె నవ్వలేదు. "ఏమన్నడు ఆయన?" అని ఆటోలో అడిగాను. "ఏం లే, ఊకో" అంది.

ఆ మాట మీ దగ్గరుంది. నాకు కావాలి.

గజేందర్

*

ఎల్బీనగర్

పెద్దలు గజేందర్ గారికి,

పద్మలతమ్మ పోయిన సంగతి మీ ఉత్తరంతోనే తెలిసింది.

అయస్కాంతం ఒంట్లోని నీటి కణాలను ఒక వరసలో నిలబెడుతుంది. మేం రేడియో తరంగాన్ని ఒక్క క్షణం వదిలి, అంటే పల్స్ ఇచ్చి, వాటిని తలకిందులు చేస్తాం. కాసేపు ఆగి, ఎంతవరకు తేరుకున్నాయో ఇంకో పల్స్‌తో చూస్తాం. ఆగే సమయం మార్చి మళ్ళీ తీస్తాం. గడ్డ తేరుకునే కాలం వేరు, మంచి భాగానిది వేరు.

మొదటి కొలత అవగానే, "చాలామ్మా, వచ్చేస్తారా?" అనేవాణ్ణి.

"ఆయన ఏం చేస్తుండు సార్?"

తలుపు తీసి చూసేవాణ్ణి. "నిద్రపోతున్నారమ్మా."

"రాత్రంత నా కోసం మేల్కొంటడు. గీడనే జర కన్ను మూస్తడు. లేపకుండ్రి. ఇంకోటి తియ్యండి, ఎక్కువసేపు ఆగేది."

మీరడిగిన ఆ రోజు, "మీవారి గురక ఇక్కడిదాకా వస్తోందమ్మా" అన్నాను. "మీ మిషన్ కన్న నయమే సార్, ఆ గురకకు అలవాటు పడ్డ" అని నవ్వారు. తల కదిలి ఆ కొలత చెడిపోయింది. బొమ్మ మసకగా ఉంది. ఎందుకో తీసేయలేదు.

మీ
భానుమూర్తి

*

చంపాపేట్

తమ్ముడు భానుమూర్తికి,

నా గురక గురించి ఆమె ఏనాడూ నాతో అనలేదు. నీతో అంది. ఈర్ష్య తగ్గిందని అబద్ధం రాయను.

ఇప్పుడు ఎవరి కోసమూ మేల్కోనక్కర్లేదు. అయినా నిద్ర రాదు. పుస్తెలు గుప్పిట్లో పెట్టుకొని చూశాను. రాలేదు.

శనివారం వస్తాను. మంచి కొలతలన్నీ నీ చదువుకు ఉంచుకో. చెడిపోయినది మాత్రం నాకివ్వు.

నకలు నీ దగ్గర ఉంచుకోవద్దు.

పద్మలత భర్త,
గజేందర్