ఎడిటరమ్మ అన్న తోపు

చోళపురం,
ఫిబ్రవరి

ప్రియమైన చెల్లి అభినయకు అన్న దీవెనలు.

ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. మన టెంకాయ తోపులో తెల్లదోమకు కొత్త మందు కొట్టి చూశారని చెప్పాను కదా. ఆ పని నడిపిన కాలేజీ తిరుమలసామి సార్ నిన్న వచ్చి, చూసినదంతా రాసి ఒక జర్నల్‌కు పంపామన్నారు. తీరా పేరు అడిగితే అది మీ జర్నలే. సంపాదకుల పేర్లలో నీ పేరు చూపిస్తే నాకు ఒళ్ళు పొంగిపోయింది. నేరుగా పాండిసెల్వం టీకొట్టుకు వెళ్ళి అందరికీ చెప్పాను. ఇప్పుడు ఊళ్ళో నేను ఎడిటరమ్మ అన్నను. టీ కూడా ముందు నాకే ఇస్తున్నాడు.

అది త్వరగా అచ్చయ్యేలా చూడు. అచ్చయితే ఈ తాలూకాకు ఆ మందు ఏజెన్సీ నాకే ఇస్తామని కంపెనీవాళ్ళు మాటిచ్చారు. వానను నమ్ముకుని బతికేవాడికి అదొక ఆధారం.

పాప వెన్నిలాకు చెవులు కుట్టించేది ఎప్పుడు? మేనమామ ఒడి సిద్ధంగా ఉంది.

నీ మంచి కోరే అన్న,
అశోక్‌కుమార్


కోయంబత్తూరు,
ఫిబ్రవరి

ప్రియమైన అన్నకు,

టీకొట్టు సంగతి చదివి నవ్వాను. తరవాత నవ్వు ఆగిపోయింది. ఆ పరిశోధన పేపరు నిజంగా నా దగ్గరికే వచ్చింది. చోళపురం అని ఉంది గాని తోపు ఎవరిదో అందులో లేదు. నీ ఉత్తరం చూశాకే మనదని తెలిసింది. ఆ పూటే మా చీఫ్ ఎడిటర్ జయప్రియ మేడమ్‌కు చెప్పి దాన్ని వదిలేశాను. ఇప్పుడది ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా.

మంచిచెడ్డలు తేల్చే చోట మనవాళ్ళ లాభం అడ్డుపడితే మేము కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అంటాం. ఇది మనకేం కొత్త? కులపెద్దలు జమక్కాళం పరిచి తగవు తీర్చేటప్పుడు వియ్యంకుడి తగవు వస్తే తాత తీర్పు చెప్పకుండా దాని మీంచి లేచి మట్టిలో కూర్చునేవాడని చెప్పింది నువ్వే.

ఇంకొక మాట. ఏజెన్సీ సంగతి తిరుమలసామి సార్‌కు తెలుసా? మందు బాగుందని తేలితే లాభపడే మనిషే ఆ చెట్లకు నీళ్ళు పెట్టాడని చదివేవాళ్ళకు తెలియాలి. అది కూడా మేడమ్‌కు చెప్పక తప్పలేదు. కోప్పడకు అన్నా.

నీ చెల్లి,
అభినయ


చోళపురం,
మార్చి

అభినయకు,

మీ ఆఫీసు నుంచి తిరుమలసామి సార్‌కు ప్రశ్నల మీద ప్రశ్నలు వచ్చాయి. పేపరు ఆగిపోయింది. ఆయన మన వాకిట్లో నిలబడి, "ఏజెన్సీ మాట నా దగ్గర ఏల చెప్పలేదు?" అని అడిగితే తల ఎత్తలేకపోయాను. అడిగింది ఆయన అయినా అడిగించింది నువ్వు. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుందని నీకు తెలియదా?

టీకొట్టుకు పోవడం మానేశాను. పాపను మీ చీఫ్ ఎడిటర్ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టించుకో.

అశోక్‌కుమార్


కోయంబత్తూరు,
మార్చి

ప్రియమైన అన్నకు,

నువ్వు ప్రియమైన అని రాయకపోయినా నేను రాస్తాను. చెవులు కుట్టించడం ఆపేశాం. ఇంకెవరి ఒడైనా చూద్దామని మా అత్తగారు అన్నారు, నేను ఒప్పుకోలేదు. నువ్వు వచ్చేదాకా పాప బోసి చెవులతోనే ఉంటుంది.

చేసినదానికి మాత్రం క్షమించమని అడగను. ఏడుపు రావడం లేదని కూడా అనను.

ఎప్పటికీ నీ చెల్లి,
అభినయ


చోళపురం,
మరుసటి ఏడాది ఆగస్టు

ప్రియమైన చెల్లికి,

ఏడాది దాటినా రాయలేదు, నీ ఫోనూ ఎత్తలేదు. కోపమనుకుని ఉంటావు. కోపం వారం కూడా నిలవలేదు. నీ ఉత్తరం అందగానే తిరుమలసామి సార్ దగ్గరికి వెళ్ళి, నా తోపు ఫలితం ఎవరూ నమ్మనక్కర్లేదు, ఇంకొకరి తోపులో మళ్ళీ చూడండి అన్నాను. మంసాపురం రామర్‌ను బతిమాలి ఒప్పించాను. అతనికి మనతో చుట్టరికం లేదు, కంపెనీతో పొత్తూ లేదు. ఈ సంగతి తెలిసి కంపెనీవాళ్ళు ఏజెన్సీ మాట వెనక్కి తీసుకున్నారు. బాధపడ్డాను, దాచను. రామర్ తోపులో ఫలితం మన తోపులో వచ్చినంత రాలేదు గాని, మందు పనిచేసింది.

పేపరు మళ్ళీ మీ జర్నల్‌కే పంపారు. అది తేలేదాకా నీతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నీ గొంతు వింటే ఏం జరుగుతోందని అడిగేస్తాను. నువ్వు లేచి పక్కకు తప్పుకుంటే నేను నీ కొంగు పట్టుకుని లాగినట్టవుతుంది. చెల్లీ, నీ పద్ధతి ఎంత కష్టమో ఈ ఏడాదంతా నాకు తెలిసింది. నిన్ను చూసి గర్వంగా ఉంది.

నిన్ననే అచ్చయింది. ఇక పాపను తీసుకుని రా, ఏ రోజైనా సరే.

పేపరు చివర చిన్న అక్షరాల్లో మనిద్దరి పేర్లూ ఉన్నాయి. మొదటి తోపు యజమాని అశోక్‌కుమార్‌కు కంపెనీ ఏజెన్సీ ఇస్తానందని, సంపాదకురాలు అభినయ అతని చెల్లెలని, ఆమె ఈ పేపరు పరిశీలనలో పాలుపంచుకోలేదని వేశారు. తిరుమలసామి సార్‌ను టీకొట్టుకు తీసుకుపోయి అందరి ముందూ అర్థం చెప్పించాను. పాండిసెల్వం గ్లాసు కడుగుతూ, "ఇది పొగిడి రాసినారా, తప్పు పట్టుకుని రాసినారా?" అని అడిగాడు.

"ఎవురూ పట్టుకోలేదు పాండీ," అన్నాను. "మేమే చెప్పినాము."

ఎడిటరమ్మ అన్న,
అశోక్‌కుమార్