అడుగు పడని మనిషి

బెర్గెన్,
ఏప్రిల్ 6

ప్రియమైన సిగ్నెకు,

ఇక్కడ మీ అమ్మా, ఆవిడ అల్లుణ్ణైన నేనూ రోజులు బాగానే గడుపుతున్నాం. నువ్వూ, నెలకో విమానం వచ్చే ఆ దీవి వాతావరణ కేంద్రంలో నీ చేతి వంట తింటున్న పదిహేడుమందీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఫిబ్రవరి ఉత్తరం మార్చి విమానంలో అందింది. ఫోను ఉండగా ఈ కాగితాలెందుకని నీ మీద విసుక్కున్నవాణ్ణే, కొన్ని మాటలకు కాగితమే మేలని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. మీ అమ్మ కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడే మన ఇంటికి వచ్చి, సోఫా కిందకి వంగి చూసి, "ఇన్నాళ్ళూ ఈ దుమ్ములో కూచునా నేను కాఫీ తాగింది?" అంది. వంటింటి పైకప్పు బాగు చేయించాను. ఇప్పుడు వాన బయటే కురుస్తోంది. నా భుజం నొప్పి సంగతి అడిగావు. దాని గురించి కింద రాస్తాను.

నాటకం ఎంతవరకు వచ్చిందన్నావు. నువ్వు వెళ్ళేటప్పటికి మాకు ఒక బల్ల, నాలుగు పెట్టెలు, నేల మీద ఒక సుద్దగీత తప్ప ఏమీ లేవు కదా. ఆ గీత ఫెర్రీ పడవ అంచు. పొగమంచులో ఆరుగురు ఫెర్రీ కోసం నిలబడి ఉంటారు, ఒకరికీ ఒకరికీ మధ్య రెండు బారల దూరం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మాటలు పదో పన్నెండో, మిగతాదంతా ఒంటితో చెప్పాలి. నవ్వు రావాలి, నాట్యమూ కావాలి. ఇదీ టూరీద్ పట్టుదల. ముప్పై ఏళ్ళుగా ఆమె దర్శకత్వంలో ఆడుతున్నాను గానీ, ఆమె అంత దిగులుగా ఉండటం ఎన్నడూ చూడలేదు. మూడు వారాలు కష్టపడ్డాం. ఒక్క నవ్వు పుడితే ఒట్టు.

రిహార్సల్ జరిగే పాత చేపల డబ్బాల ఫ్యాక్టరీకి ప్రతి శుక్రవారం రేవులో పనిచేసి రిటైరైన ముసలివాళ్ళను ఆమె పిలిచేది. వాళ్ళు వాఫిళ్ళనే తీపి అట్లు తిని, చేతులు కట్టుకుని, చర్చిలో కూచున్నట్టు కూచునేవారు. అందరిలోకీ పెద్దవాడు మాగ్నార్. ఎలా ఉందని టూరీద్ అడిగితే, "మేం రేవులో నలభై ఏళ్ళు నిలబడ్డాం తల్లీ. మళ్ళీ నిలబడ్డవాళ్ళను చూడటానికి రమ్మన్నావు. వాఫిళ్ళు మాత్రం బాగున్నాయి," అన్నాడు.

నాలుగో శుక్రవారం, ఫెర్రీ వచ్చిందనుకుని నేను వరుసలో ముందు నడిచి సుద్దగీత దాటాలి. గీత దగ్గరికి వచ్చాను. కాలు లేవలేదు. ఒళ్ళు ముందుకు వాలింది, మడమ లేచింది, పాదం మాత్రం నేలకు మేకు కొట్టినట్టు ఉండిపోయింది. నా వెనకాయన నాకు గుద్దుకున్నాడు, ఆయన వెనకామె ఆయనకు గుద్దుకుంది. రెండు బారల దూరంలో నిలబడేవాళ్ళు ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి వదులుతూ నిలబడిపోయారు. మాగ్నార్ పళ్ళసెట్టు ఊడేంతగా నవ్వాడు. టూరీద్ కన్నీళ్ళు తుడుచుకుంటూ, "ఐలిఫ్, ఏంటది? ఎక్కడ దాచావు ఇన్నాళ్ళూ? మళ్ళీ చెయ్," అంది.

మళ్ళీ చేశాను. రెండోసారి చేసింది నటన. ఆ రోజు నుంచి నాటకమంతా ఆ అడుగు పడని మనిషి చుట్టూ పెరుగుతూ వచ్చింది.

సిగ్నే, మొదటిసారిది నటన కాదు. అది పార్కిన్సన్స్. నాది భుజం నొప్పి కాదని డాక్టరు జనవరిలోనే చెప్పింది. నువ్వు బయల్దేరడానికి తొమ్మిది రోజుల ముందు. ఆ దీవిలో ఉద్యోగం కోసం నువ్వు పదకొండేళ్ళు దరఖాస్తులు పెట్టావు. చెబితే పెట్టె విప్పేస్తావని చెప్పలేదు. నీ మంచి కోసమే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, నువ్వు జాలిగా చూస్తావేమోనన్న భయమే అందులో సగముంది.

ఇది దాచడమే తప్పు. దాని వెనక ఇంకో తప్పు చేశాను. మార్చి మొదట్లో ఆస్లౌగ్ పడిపోయిందనీ, మణికట్టు విరిగిందనీ ఫోనులో చెప్పాను కదా. మా బృందంలో అందరికన్నా చిన్నది, ఇరవై ఆరేళ్ళ పిల్ల. నాటకంలో ఆమె పెట్టెల గుట్ట మీద నుంచి దూకుతుంది, నేను రెండడుగులు వేసి పట్టుకోవాలి. ఆమె దూకింది. నా పాదం కదల్లేదు. నేల మీద పడి, చెయ్యి పట్టుకుని, మొహం పాలిపోయి, ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట, "క్షమించండి ఐలిఫ్, తొందరపడి దూకేశాను." అందరూ అదే అనుకున్నారు. నేను కాదనలేదు. పైగా, "పరవాలేదులే," అన్నాను.

మూడు వారాలు ఆ 'పరవాలేదులే' నన్ను తిననివ్వలేదు. చివరికి మార్చి ఇరవై నాలుగున వాళ్ళింటికి వెళ్ళాను. ఒంటి చేత్తో తలుపు తీసింది.

"నేను తప్పు చేస్తే, పరామర్శకు మీరొచ్చారా?" అంది నవ్వుతూ.

"తప్పు నీది కాదమ్మా," అని కూర్చోకుండానే అంతా చెప్పేశాను.

ఆమె అరవలేదు. వంటింట్లో ఉన్న కుర్చీ చూపించింది. "రోజూ దాని మీంచి దిగుతున్నాను. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటూ. ఎక్కడ తొందరపడ్డానో తెలుసుకుందామని. ఇక నాట్యానికి పనికిరానేమోనని మా అమ్మ దగ్గర ఏడ్చాను. మీకు తెలుసు. తెలిసీ ఊరుకున్నారు."

"ఊరుకున్నాను."

"వెళ్ళండి. రేపు టూరీద్‌కి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

చెప్పాను. టూరీద్ చేతిలో ఉన్న నాటకం కాగితాలు బల్ల మీద పడేసింది. "అయితే మేమంతా నవ్వింది నీ జబ్బు చూసా? ఆ సీను తీసేస్తాను. నా మొహం నాకే చూసుకోబుద్ధి కావట్లేదు," అంది.

అప్పుడు ఎవరితోనూ అనని మాట ఆమెతో అన్నాను. ఆ శుక్రవారం కాలు కదలక భయంతో బిగుసుకుపోయి ఉన్నప్పుడు, వెనక నుంచి ఆ నవ్వు వినపడగానే నాకు సంతోషం వేసింది. డాక్టరు చెప్పిన రోజు నుంచి నా ఒళ్ళు నాకు శత్రువైంది. ఆ ఒక్క క్షణం మళ్ళీ నాదయింది. సీను తీయొద్దన్నాను. దూకడం మాత్రం తీసేశాం. ఇక నేనెవరినీ పట్టుకోను, ఎత్తను.

మొన్న శుక్రవారం ఆస్లౌగ్ కట్టుతోనే రిహార్సల్‌కు వచ్చింది. నన్ను పలకరించలేదు. గీత దగ్గర నా కాలు నిజంగానే ఆగిపోయింది. సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు గనక ఎవరూ నవ్వలేదు. ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. ఆ నిశ్శబ్దం జబ్బుకన్నా వెయ్యిరెట్లు బాధ పెట్టింది. ఇంతలో ఆస్లౌగ్ వరుసలోంచి బయటికి వచ్చి, తన బూటు నా బొటనవేలి ముందు అడ్డంగా పెట్టింది. ఎదురుగా ఏదైనా అడ్డముంటే దాన్ని దాటడానికి కాలు లేస్తుంది. నాకు వ్యాయామం నేర్పే ఆమె చెప్పిన చిట్కా అది, టూరీద్‌కి చెప్పి ఉన్నాను, ఆమె ఈ పిల్లకు చెప్పి ఉంటుంది. కాలు లేచింది. రెండో బూటు పెట్టింది. రెండో కాలు లేచింది. ఆమె వెనక్కీ నేను ముందుకీ, ఎదురెదురుగా, తాగిన కొంగల్లా ఏడడుగులు వేశాం. నాలుగో అడుగుకి మాగ్నార్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు, టూరీద్‌తో సహా.

తర్వాత మాగ్నార్ నా దగ్గరికి వచ్చి, "పోయిన మా ఆవిడకీ ఇంతే ఉండేది నాయనా. వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలంటే ఇలాగే తీసుకొచ్చేవాణ్ణి. చూసేవాళ్ళెవరూ లేరు గనక మేమే నవ్వుకునేవాళ్ళం," అన్నాడు. కోటు గుండీలు పెట్టుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఆస్లౌగ్ నన్ను ఇంకా క్షమించలేదు. నా ఎదురుగా అంగుళం దూరంలో నిలబడి అడుగులు వేయిస్తుంది, రిహార్సల్ అయ్యాక వేరే మెట్ల మీదుగా దిగిపోతుంది. అది ఆమె హక్కు. మొదటి ప్రదర్శన మే తొమ్మిదిన.

ఈ ఉత్తరం పద్నాలుగో తారీఖు విమానంలో నీకు చేరుతుంది. ఆ విమానం రెండు గంటలు ఆగి తిరిగి వస్తుందనీ, అందులో సీట్లు ఖాళీ ఉంటాయనీ నువ్వే రాశావు. పోయినసారి నీ బదులు నేనే నిర్ణయం తీసుకున్నాను. ఈసారి ఆ పని చెయ్యను. రావద్దు, నీ పని పూర్తి చేసుకో అని రాద్దామనే పొద్దున కలం పట్టాను. మూడుసార్లు రాసి కొట్టేశాను. ఆ మాట నిజం కాదు సిగ్నే. నాకు భయంగా ఉంది. నువ్వు కావాలి.

ఇట్లు,
నీకు మొదటిసారి అన్నీ చెప్పిన
నీ భర్త
ఐలిఫ్