ఆరబెట్టని మట్టి

నాన్నగారికి, అమ్మకు వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? తార్నాకలో వారం నుంచి ముసురు, గదిలో బట్టలు ఆరడం లేదు. తిండికి లోటు లేదు, బెంగపడకండి. మొన్న మెస్‌లో చేపల పులుసు తింటుంటే ఏడుపొచ్చింది. ఇల్లు గుర్తొచ్చి కాదు, అంత చప్పగా ఉంది!

ఫోన్‌లో నోరు పెగలక ఇది రాస్తున్నాను. మన కాలువ అడుగు మట్టిలో రేడియోధార్మికత ఉందన్న పుకారుతో చేపలు కొనేవాళ్లు తగ్గారని మీరు మట్టి పంపారు కదా. నేను కొలిచి భయం లేదన్నాను. మీరు ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతటికీ చెప్పారు. నాన్నగారూ, ఆ మాట నేను తొందరపడి అన్నాను.

క్యాంపస్‌లో మా ల్యాబ్ టెక్నీషియన్ యాదగిరి గారు. ఆయన దగ్గర ఒక డబ్బా మట్టి ఉంటుంది. ఎన్నో ప్రయోగశాలలు కొలిచి, అందులో కిలోకి రేడియోధార్మికత ఇంతని తేల్చిన మట్టి. మన చేపల బజారులో కాటాను ముద్ర ఉన్న తూకపు రాయితో సరిచూస్తారే, అలాగన్నమాట. మొన్న దాన్ని నా చేత కొలిపించారు. ఆ డబ్బాతో వచ్చిన కాగితంలో ఉన్నదానికన్నా తక్కువ వచ్చింది.

"కొంచెమే కదండీ, సవరించేయనా?" అన్నాను.

"సవరిస్తే ఈ మట్టెందుకు బిడ్డా? ఓవెన్ల ఆరబెట్టినవా?"

పెట్టలేదు. మన మట్టినీ పెట్టలేదు. ఆదివారంలోగా మీకు మంచి మాట చెప్పాలన్న ఆత్రం. చెమ్మ బరువునీ మట్టి బరువులో కలిపేస్తే లెక్క తక్కువ రాక ఏమవుతుంది? నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన తిట్టలేదు. మన మట్టి ఫలితం కింద సరిచూసినట్టు ఆయన సంతకం ఉంది. "నిన్ను నమ్మి సూడకుంట పెట్టిన. తప్పు నాది గూడ ఉన్నది" అంటూ రిజిస్టర్లో గీత కొట్టి, కారణం రాసి, తానే తీసుకెళ్లి మా ల్యాబ్ పెద్ద మేడమ్‌కు చూపించారు. వచ్చే నెల రిటైరయ్యే మనిషి! ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు.

"ఇంకెవలకన్న చెప్పినవా?" అనడిగారు. మీకు చెప్పానన్నాను.

"అయితె వాల్లకే మల్ల చెప్పాలె."

మన మట్టిని ఆరబెట్టి, ఈసారి పద్ధతి ప్రకారం డబ్బా బిగించాం. మట్టిలోంచి వచ్చే వాయువు డబ్బాలో నిలకడకు రావాలట, అందుకే నెల ఆగి కొలవాలి. మామూలుగానే ఉండొచ్చు, ఎక్కువే రావొచ్చు. ఇప్పుడైతే నాకు తెలియదు.

పాస్టరు గారికి, పెద్దలందరికీ నా వందనాలు. నా కోసం ప్రార్థన చేయండి. వచ్చే ఆదివారం లేచి చెప్పండి నాన్నగారూ. లెక్కలో ఏదో తేడా వచ్చిందని కాదు, మా అమ్మాయే తప్పు చేసిందని పేరు పెట్టి చెప్పండి. మీకు చిన్నతనంగా ఉంటే ఈ ఉత్తరం చదివేయండి.

మీ కూతురు,
సలోమి