ఉప్పు డబ్బా వెనుక గోళీలు

కరీంనగర్, ఫిబ్రవరి 2

ప్రియమైన బాపూ,

హాస్టల్లో ఫోన్లు వార్డెనమ్మ బీరువాలో ఉంటాయి. ఆదివారం మాట్లాడితే అందరూ వింటారు, అందుకే ఈ ఉత్తరం.

సెప్టెంబరులో కబడ్డీ ఆటలో కూతకు వెళ్లినప్పుడు ఎదుటి జట్టు పిల్ల మోకాలు నా కణతకు తగిలింది. రెండు రోజులు తల తిరిగింది, వాంతులయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. నువ్వే అంటావుగా, "దెబ్బ చెప్పుకుంటే పక్కన కూసోబెడతరు బిడ్డా" అని.

మొన్న నల్లా దగ్గర కంచం కడుగుతూ పడిపోయాను. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయట. నా గదిలో ఉండే అఫ్షీన్ ఒక్కతే చూసింది. రాష్ట్ర జట్టు ఎంపిక ఇంకా పన్నెండు రోజులే ఉంది. కోచ్ మేడమ్‌కు చెప్పకు. అమ్మకు అసలే వద్దు.

భయంగా ఉంది.
నీ యమున

గోదావరిఖని, ఫిబ్రవరి 6

బంగారు తల్లి యమునకు,

నీ ఉత్తరం ల్యాంపు రూములో చదివాను. బొగ్గు బాయిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించే చెయ్యి ఆగిపోయింది.

పడే ముందు రబ్బరు కాలిన వాసన వచ్చిందా? నాలుక కరుచుకున్నావా? మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టమని అఫ్షీన్‌కు చెప్పు. చేతిలో తాళంచెవులు, నోట్లో చెంచాలు పెట్టొద్దు.

ఈ కాగితం తీసుకెళ్లి మేడమ్ చేతిలో పెట్టు. ఆట పోతుందని ఏడుపొస్తే ఏడువు, కానీ దాచకు. నువ్వు చెప్పకపోతే నేనే బస్సెక్కుతాను.

నీ బాపు, కొమురెల్లి

కరీంనగర్, మార్చి 29

ప్రియమైన బాపూ (అని రాయాలని లేదు, అయినా రాస్తున్నాను),

చెప్పాను. మేడమ్ తిట్టలేదు. "గిది సెప్టెంబర్లనే చెప్పాలె గదనే" అంటూ దవాఖానకు తీసుకుపోయింది. తలకు దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి నెలల తర్వాత మూర్ఛ వస్తుందట.

ఎంపిక రోజున స్కోరు రాస్తూ కూర్చున్నాను. కాగితం తడిసింది.

రోజూ రెండు మందు గోళీలు వేసుకుంటున్నాను. ఏడు వారాలైంది, మళ్లీ రాలేదు! మెల్లగా పరుగు మొదలుపెట్టమన్నాడు డాక్టరు. కబడ్డీ సంగతి ఏడాది తర్వాత చూద్దామన్నాడు.

ఒక్కటి చెప్పు. వాసన సంగతి డాక్టరు కూడా అడిగాడు. నీకెలా తెలుసు?

నీ యమున

గోదావరిఖని, ఏప్రిల్ 2

బంగారు తల్లీ,

ఏడు వారాలన్న మాట చదివి బెంచీ మీద కూర్చుండిపోయాను. నా గుండె మీది బండ దిగింది.

ఆ వాసన నాకూ వచ్చింది. నీకు నాలుగేళ్లప్పుడు బాయిలో పైనుంచి బొగ్గు పెళ్ల నా టోపీ మీద పడింది. చెబితే అన్‌ఫిట్ రాస్తారని దాచాను. ఐదు నెలలకు పని చేసే చోటే ఫిట్స్ వచ్చి పడ్డాను. పక్కన పనిచేసే రాజం కాక లాగకపోతే పట్టాల మీద వచ్చే బొగ్గు డబ్బాల కింద పోయేవాణ్ణి. నన్ను ల్యాంపు రూముకు మార్చింది అందుకే, మీకు చెప్పినట్టు మోకాలి నొప్పికి కాదు. గోళీలు వేసుకుంటున్నాను, పదకొండేళ్లుగా ఒక్కసారీ రాలేదు. దెబ్బ దాచమని నీకు నేర్పింది నా భయమే తల్లీ. నన్ను క్షమించు.

నిన్న మీ అమ్మకూ చెప్పేశాను, ఉప్పు డబ్బా వెనుక దాచుకున్న గోళీల సంగతి. బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"వంటింట్ల దాస్తే నాకు తెల్వదా? గోళీలు ఒడిసినప్పుడల్లా, దవాఖానకు పోయి మోకాలు సూపిచ్చుకో అని నిన్ను తోలింది ఎవరు?" అంది.

నీ గోళీలు మంచం పక్కన, నలుగురికీ కనబడేట్టు పెట్టుకో. నావి ఈ పొద్దున్నే ఉప్పు డబ్బా ముందుకు వచ్చాయి.

ఇక ఏదీ దాచని,
నీ బాపు